మత్తునిద్రలో మందు పడకపోవుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములపాటు ఒక గ్రంథాలయమును నిలుపుట సామాన్యమైన కార్యము కాదు. చందాలు పోగుచేయువారు, చినిగిన పుస్తకమునకు అట్ట వేయువారు, గడువు దాటిన పుస్తకమును ఇంటింటికి పోయి అడిగి తెచ్చువారు, ఇట్టి వారి ఓర్పుమీదనే గ్రంథాలయము బ్రతుకును. వారందరికిని నా నమస్కారములు.

ఈ శుభసమయమున శస్త్రచికిత్సను గూర్చియు, మత్తుమందును గూర్చియు మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ విషయము మన గ్రంథాలయమునకు దూరమైనది కాదు. కాగితముపై వ్రాసి దాచుకొన్న ఒక్క మాట మనుష్యుని ప్రాణమును కాపాడగల సందర్భము ఇందులో కలదు. అది యెట్లో చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

పత్రికలలో అప్పుడప్పుడు “మత్తుమందు వికటించి రోగి మృతి” అను వార్త కనబడును. ఆ వార్త చదివిన నాటినుండి ఆపరేషను అనగానే గుండె దడదడలాడువారు మనలో కలరు. హెర్నియాను బెల్టుతో బిగించుకొని సంవత్సరములు గడుపువారు, గర్భసంచిలోని గడ్డను ముదరబెట్టుకొను తల్లులు, వీరిలో పెక్కురు కత్తికి జంకరు, మత్తునకు జంకుదురు. “నిద్రపుచ్చిన తరువాత మేలుకొందునో లేదో” అనునదే వారి బాధ.

ఆ “వికటించుట” అను ఒక్క మాట క్రింద పలు ఆపదలు కలిసియున్నవి. శ్వాసమార్గము మూసుకొనిపోవుట యొకటి. ఖాళీ కడుపుతో రానందున తిన్న యన్నము ఊపిరితిత్తులలోనికి పోవుట యొకటి. మోతాదు మించుట యొకటి. అంతవరకు దాగియున్న గుండెజబ్బు బయటపడుట యొకటి. ఇవిగాక, సరియైన మందు, సరియైన మోతాదులో, సమర్థుడైన వైద్యుడే ఇచ్చినను, ఆ శరీరమునకు ఆ మందు పడకపోవుట యొకటి. నేను ముఖ్యముగా చెప్పబోవునది ఈ చివరిదానిని గూర్చి. ఐతే దీనికి ముందు మన నగర చరిత్రలోని ఒక సంగతి చెప్పవలసియున్నది. మత్తులో మరణము ఏల కలుగునను ప్రశ్నకు ప్రపంచమంతయు చెవియొగ్గి వినునట్లు సమాధానము వెదకిన నగరము మన హైదరాబాదే.

1846వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరములో ఈథరు పీల్చుటచే నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని లోకమునకు వెల్లడియైనది. మరుసటి యేడు ఎడింబరో నగరమున సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. దాని తీయని వాసనకు, సులభమైన వాడుకకు వైద్యులు మురిసిపోయిరి. ఆ ముచ్చట కొలది నెలలే నిలిచినది. 1848 జనవరి నెలలో ఇంగ్లండులో హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయుటకై క్లోరోఫారము పీల్చి, నిమిషములలో మరణించినది. కాలిగోటి కొరకు ప్రాణము పోయినది! ఇట్టి మరణములు తరువాత పెక్కు చోట్ల జరిగెను. గుండె ముందు ఆగుచున్నదా, ఊపిరి ముందు ఆగుచున్నదా అను తగవు నలుబదియేండ్లు సాగినది.

అప్పుడు మన హైదరాబాదులో ఎడ్వర్డు లారీ అను వైద్యుడు రెసిడెన్సీ సర్జనుగాను, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగాను ఉండెను. మన గోల్నాకకు ఎగువన మూసీ యొడ్డున నున్న అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆయన పనిచేసిన చోటు. 1908వ సంవత్సరపు వరదలో ఆ ఆసుపత్రి పాడుకాగా, తరువాత అచ్చట వెలసినదే ఉస్మానియా ఆసుపత్రి. ఊపిరిని కనిపెట్టియున్నచో క్లోరోఫారము వలన భయము లేదని లారీ దృఢమైన నమ్మకము. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆదరముతో 1888లో ఒక విచారణ సంఘము ఏర్పడెను. జంతువులపై పరీక్షలు చేసి, ఊపిరియే ముందు ఆగునని ఆ సంఘము తేల్చెను. లండనులోని “లాన్సెట్” అను వైద్యపత్రిక దీనిని నమ్మలేదు. నమ్మనిచో మీ మనుష్యునే పంపుడని, అందుకు వేయి పౌనులు నిజాము ప్రభుత్వము ఇచ్చెను. ఆ సొమ్ముతో లాడరు బ్రంటను అను ప్రసిద్ధ వైద్యుడు 1889లో ఇచ్చటికి వచ్చెను. వందలకొలది పరీక్షలు జరిగెను. గుండెయే ముందు దెబ్బతినునను అభిప్రాయముతో వచ్చిన బ్రంటను, ఇచ్చట కన్నది చూచి లారీ మాటతో ఏకీభవించెను. 1890లో ఆ వృత్తాంతము లాన్సెట్‌లో అచ్చుపడినది. హైదరాబాదు క్లోరోఫారము కమిషను అను పేర అది వైద్యచరిత్రలో నిలిచినది.

ఆ కాలముననే ఆ వైద్య పాఠశాలలో చదివి 1889లో పట్టముపొందిన రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ స్త్రీ మన నగరపు ఆసుపత్రులలో క్లోరోఫారము ఇచ్చు పనిని తన జీవితకార్యముగా చేసికొనెను. మత్తుమందు వైద్యము నభ్యసించిన తొలి స్త్రీలలో ఆమెను నేడు లోకము లెక్కించుచున్నది. 1909లో ఆమె ఎడింబరో పోయి, వాయువుల గుణములు తెలిసికొనుటకై పదార్థ, రసాయన శాస్త్రములు చదివివచ్చెను. ఆడపిల్లలు గడప దాటుటయే అరుదైన దినములవి. ఆమె పేరు మన పిల్లలకు తెలియవలెను.

హైదరాబాదు కమిషను చెప్పినదానిలో సత్యము కలదు. మత్తులో నున్నవాని ఊపిరిని క్షణమైనను విడువక కనిపెట్టవలెనను పాఠము నేటికిని చెల్లుచున్నది. కాని అది సత్యములో ఒక భాగమే. 1911లో లండనులో గుడ్‌మన్ లెవీ అను శాస్త్రజ్ఞుడు పిల్లులపై పరీక్షించి, క్లోరోఫారము మత్తు పలుచగా నున్నపుడు శరీరములో అడ్రినలిను పెరిగినచో గుండె లయతప్పి ఉన్నట్లుండి ఆగిపోవునని చూపెను. ఊపిరి నిలుచుట యొక దారి, గుండె నిలుచుట మరియొక దారి. చావులన్నిటికి ఒకే కారణము వెదకినచో రెండవ కారణము కన్నులయెదుటనే యుండియు కనబడదు. “వికటించినది” అను మాటతో తృప్తిపడరాదని నేను చెప్పుటకు ఇదియే హేతువు.

ఆ కమిషను వారికి తెలియని మూడవ దారి మరియొకటి యుండెను. క్లోరోఫారముతో దానికి సంబంధము లేదు. అది సముద్రముమీద బయలుపడినది.

1901వ సంవత్సరమున మొనాకో ప్రభువు ఆల్బర్టు తన నౌకలో సముద్రయానము చేయుచు ఇరువురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులను వెంటగొనిపోయెను. ఒకరు షార్లు రిషే, ఒకరు పాల్ పోర్టియే. తాకినంతనే మంటపుట్టించు సముద్రజీవుల విషమును వారు పరిశీలించిరి. పారిసునకు తిరిగివచ్చి, సముద్రపుష్పమని పిలువబడు జీవి విషమును కుక్కలకు కొంచెము కొంచెముగా ఎక్కించిరి. మశూచికి టీకావలె, కొద్ది విషము అలవాటైనచో పెద్ద మోతాదును తట్టుకొనునని వారి ఆశ. నెప్ట్యూను అను పేరుగల బలమైన కుక్క మొదటి మోతాదునకు చెక్కుచెదరలేదు. కొన్ని వారముల తరువాత దానికి మరల స్వల్పముగా ఎక్కించిరి. వెంటనే అది రొప్పుచు, కూలబడి, వాంతిచేసికొని, అరగంట లోపల చనిపోయెను. రక్షణ కలుగవలసిన చోట దానికి వ్యతిరేకము జరిగినది. అందుచే రిషే 1902లో ఈ స్థితికి, “రక్షణకు విరుద్ధమైనది” అను భావముతో, “అనాఫిలాక్సిస్” అని పేరుపెట్టెను. 1913లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఇది యెట్లు జరుగునో మన ఊరి పేరుతోనే చెప్పవచ్చును. గోల్నాక, తార్నాక అను పేర్లలో “నాకా” అను మాట కలదు. నాకా యనగా వచ్చిపోవువారిని తనిఖీచేయు చౌకీ. మన శరీరమునందు చర్మము క్రింద, ఊపిరిగొట్టములలో, ప్రేగులలో, రక్తనాళముల ప్రక్కన ఇట్టి చౌకీలు కలవు. మాస్టు కణములను పేరుగల కావలివారు అచ్చట కూర్చుండియుందురు. ఏదేని ఒక పదార్థము మొదటిసారి లోనికి వచ్చినపుడు, కొందరి శరీరము దానిని పొరపాటున శత్రువుగా ఎంచి, దాని ఆనవాలు వ్రాసిన చీటీలను సిద్ధముచేసి కావలివారికి పంచిపెట్టును. ఆ చీటీలకే “ఇమ్యునోగ్లోబులిన్ ఇ” అని పేరు. 1966, 1967 సంవత్సరములలో అమెరికాలో పనిచేయుచున్న ఇషిజాకా అను జపాను దంపతులును, స్వీడను దేశపు శాస్త్రజ్ఞులును దీనిని వేర్వేరుగా కనుగొనిరి. మొదటిసారి ఏమియు జరుగదు. మనకు తెలియనే తెలియదు. ఆ పదార్థమే మరల వచ్చినపుడు కావలివారు ఆనవాలు పట్టి, తమకడనున్న హిస్టమిన్ మొదలైన ద్రవ్యములను ఒక్కుమ్మడిగా కుమ్మరింతురు. వచ్చినవాడు దొంగ కాదు, అతిథి. ఐనను వానిని తరుముటకు కావలివాడు ఊరికే నిప్పుపెట్టినట్లగును.

అప్పుడు రక్తనాళములు వదులై, నీరు బయటికి ఊరిపోవును. రక్తపుపోటు పడిపోవును. ఊపిరిగొట్టములు బిగిసి, ఈలవేసినట్లు శబ్దము వచ్చును. చర్మము కంది దద్దుర్లు లేచును. కన్నురెప్పలు, పెదవులు, నాలుక ఉబ్బును. ఇదంతయు కొలది నిమిషములలో జరిగిపోవచ్చును. కొన్ని మందులు ఈ చీటీలతో నిమిత్తము లేకయే కావలివారిని రేపగలవు. అందుచే మొదటిసారి వాడినపుడే ఆపద కలుగుటయు ఉన్నది.

మెలకువలో నున్నవానికి ఇది జరిగినచో, “అయ్యా, ఒళ్లంతయు దురదగా నున్నది, గొంతు పట్టుచున్నది” అని వాడే చెప్పుకొనును. చూచువారికి దద్దుర్లు కనబడును. మత్తునిద్రలో నున్నవానికి నోరు లేదు. శరీరమును గుడ్డలతో కప్పియుంచుటచే చర్మము కనబడదు. ఊపిరి యంత్రముతో నడచుచుండును. తరచుగా మొదట కనబడునది తెరమీద పడిపోవుచున్న రక్తపుపోటు మాత్రమే. రక్తపుపోటు మత్తుమందు వలనను పడును, రక్తము పోవుట వలనను పడును, నడుము సూది వలనను పడును. ఇన్నింటి నడుమ ఇది “పడకపోవుట” అని గుర్తించుట వైద్యునికి సులభము కాదు. పైగా మత్తు ఎక్కించు ఆ కొలది నిమిషములలోనే నాలుగైదు మందులు ఒకదాని వెంట ఒకటి రక్తములోనికి పోవును. వానిలో ఏది కారకమో ఆ క్షణమున చెప్పుట దుస్సాధ్యము.

ఐనను భయపడి పారిపోవలసినంత తరచుగా ఇది జరుగదు. బ్రిటనులోని మత్తుమందు వైద్యుల కళాశాలవారు ఆ దేశమంతట ఒక సంవత్సరకాలము విచారించి, 2018లో ఫలితములను ప్రకటించిరి. తీవ్రమైన అనాఫిలాక్సిస్ సుమారు పదివేల మత్తులకు ఒకటి చొప్పున కలుగునని అంచనా వేసిరి. వారు పరిశీలించిన 266 మందిలో పదిమంది మరణించిరి, తక్కినవారు బ్రతికిరి. అనగా ఇది అరుదైనది, భయంకరమైనది, ఐనను సకాలమున గుర్తించినచో పెక్కుమంది దాటగలిగినది.

ఏ మందులవలన ఇది ఎక్కువగా కలుగును? ఆ విచారణలో కారణము తేలినవానిలో సుమారు సగము యాంటీబయాటిక్కుల వలన కలిగినవే. కోత చీము పట్టకుండుటకై ఆపరేషనునకు ముందు ఇచ్చు సూదిమందులే ఇవి. వీని తరువాతి స్థానము కండరములను సడలించు మందులది. సక్సామిథోనియం, రోక్యురోనియం, అట్రాక్యురియం అనునవి ఈ తెగలోనివి. ఆ తరువాత చర్మమును శుభ్రపరచు క్లోర్‌హెక్సిడిన్ అను ద్రవము. గ్రంథులను గుర్తించుటకై ఎక్కించు నీలిరంగు. రబ్బరు చేతితొడుగులు కూడ కొందరికి పడవు. అట్టివారిలో కొందరికి అరటిపండు, బొప్పాయి తిన్నను నోరు దురదపెట్టును. ఇట్టి చిన్న సంగతి కూడ వైద్యునికి చెప్పదగినదే.

ఇచ్చట ఒక వింత సంగతి కలదు. కండరములను సడలించు మందులు పడకపోవుట నార్వే దేశములో ఎక్కువగాను, ప్రక్కనేయున్న స్వీడనులో తక్కువగాను ఉండెను. ఏలయని వెదకగా, నార్వేలో విరివిగా అమ్ముడగు ఒక దగ్గుమందులోని ఫోల్‌కొడిన్ అను పదార్థముపై అనుమానము కలిగినది. దగ్గుమందు త్రాగినవాని శరీరములో తయారైన చీటీలు, ఎన్నడును ఎక్కించుకొనని మత్తుమందును పట్టుకొనుచున్నవి! 2007లో నార్వేలో ఆ దగ్గుమందు నిలిపివేయబడినది. తరువాతి యేండ్లలో ఈ ఆపదలు తగ్గెను. 2022 డిసెంబరులో ఐరోపా ఔషధ సంస్థవారు ఆ పదార్థముగల మందులను తమ దేశములన్నిటిలోను ఉపసంహరింపవలెనని సిఫారసు చేసిరి. దుకాణమున అడిగి తెచ్చుకొను మందును సామాన్యమైనదని తలచి వైద్యునికి చెప్పక విడుచుట తగదని దీనివలన గ్రహింపవలెను.

ఇక చికిత్స. దీనికి మొదటి మందు అడ్రినలిను. 1901వ సంవత్సరముననే, రిషే సముద్రయానము చేసిన యేడే, జపాను దేశీయుడైన తకమినే అమెరికాలో ఉండి పశువుల గ్రంథులనుండి దీనిని శుద్ధరూపమున తీసి లోకమునకు వెల్లడించెను. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినదియు ఆ యేడే. అడ్రినలిను వదులైన రక్తనాళములను బిగించును, బిగిసిన ఊపిరిగొట్టములను వదులుచేయును, గుండెకు బలమిచ్చును, కావలివారిని శాంతపరచును. క్లోరోఫారము మత్తులో గుండెను ఆపగలదని లెవీ చూపిన ఆ పదార్థమే ఇచ్చట ప్రాణదాత. మందు మంచిదో చెడ్డదో దాని పేరులో లేదు. ఏ స్థితిలో, ఎంత, ఎట్లు ఇచ్చితిమను దానిలో నున్నది. అడ్రినలినుతోపాటు రక్తనాళములలోనికి సెలైను ధారాళముగా ఎక్కింతురు, కాళ్లు ఎత్తిపెట్టుదురు, ప్రాణవాయువు ఇత్తురు, గుండె చాలనిచో రొమ్మును నొక్కుదురు. దద్దుర్లకు వాడు అవిల్ వంటి మందులు తరువాతి సహాయములే గాని అడ్రినలినునకు బదులు కానేరవు.

ఈ సంగతి ఆపరేషను గదికే పరిమితము కాదు. ఊరిలో సూదిమందు వేయించుకొన్న వెంటనే ఎవరికైనను ఆయాసము, తలతిరుగుట, ఒళ్లంతట దద్దుర్లు కలిగినచో, వానిని నిలబెట్టి నడిపింపరాదు. వెల్లకిల పరుండబెట్టి కాళ్లు ఎత్తియుంచవలెను. ఊపిరి ఆడనిచో ఆనుకొని కూర్చుండనీయవలెను. అడ్రినలిను ఉన్న చోటికి వాహనములో తక్షణమే చేర్పవలెను. సూదిమందు వేయించుకొన్నవారు అరగంటసేపు అచ్చటనే కూర్చుండుట మంచి అలవాటు.

ఇప్పుడు నేను ముఖ్యమైన సంగతికి వచ్చితిని. ఆపద గడచినది, రోగి కన్నులు తెరచెను, ఇంటికి వచ్చెను. ఇంటివారు దేవునికి మ్రొక్కు చెల్లించిరి. “మత్తు కొంచెము వికటించినది, డాక్టరు బాబు కాపాడెను” అని చెప్పుకొని మరచిరి. ఏ మందువలన జరిగినది? తెలియదు. కాగితములు ఎక్కడ? దూలముమీది సంచిలో నుండెను, చెదలు తినినవి. అయిదేండ్లకు అదే మనుష్యుడు పిత్తాశయములో రాళ్లకో, విరిగిన కాలికో మరియొక ఆసుపత్రికి పోవును. అచ్చటి వైద్యునికి ఈ సంగతి తెలియదు. ఆ మందునే, ఏ సందేహమును లేక, మరల ఎక్కించును. మొదటిసారి తప్పించుకొన్నవానికి రెండవసారి ఆపద తెచ్చునది ఆ మందు మాత్రమే కాదు, ఆ మరపు కూడ.

మన భాషలో “ఆ మందు నాకు పడదు” అను చక్కని పలుకుబడి కలదు. కాని దానిని మనము అన్నిటికిని వాడుదుము. మాత్ర వేసికొన్నపుడు కడుపులో త్రిప్పినను పడదందుము, వేడిచేసినను పడదందుము, ఒళ్లంతయు దద్దుర్లు లేచి స్పృహతప్పినను పడదందుము. వైద్యునికి ఈ మూడును ఒకటి కావు. పెన్సిలిను పడదని చెప్పుకొనువారిని సక్రమముగా పరీక్షించినపుడు, వారిలో అత్యధికులకు అది పడునని తేలుచున్నది. పడెడి మందును పడదని దూరముచేసికొనుట కూడ నష్టమే. దానికి బదులు ఇచ్చు మందు అంత గుణమియ్యకపోవచ్చును. అట్లే రొయ్యలు, చేపలు పడనివారికి అయోడిను మందులు పడవనునది ఒక అపోహ. చర్మము క్రింద రవంత మందు ఎక్కించి చూచు “టెస్టు డోసు” పొంగలేదు గనుక భయము లేదనునది మరియొక అపోహ. అది పూర్తి భరోసా కాదు.

కనుక “పడదు” అని ఊరకొనక, ఐదు సంగతులు చెప్పవలెను. ఏ మందు? ఎప్పుడు, ఏ ఆసుపత్రిలో? ఇచ్చిన ఎంతసేపటికి మొదలైనది? ఏమేమి జరిగినది? ఏ చికిత్సతో తగ్గినది? ఈ ఐదింటికి సమాధానము ఒక పోస్టుకార్డంత కాగితముమీద పట్టును. దానితోపాటు ఉబ్బసము ఉన్నదా, రక్తపుపోటునకు ఏ మాత్రలు వాడుచున్నారు, ఏ నాటుమందులు తినుచున్నారు అనునవి కూడ చెప్పవలెను. కొన్ని రక్తపుపోటు మాత్రలు వాడువారిలో అనాఫిలాక్సిస్ చికిత్సకు తేలికగా లొంగదు. అంతమాత్రమున వానిని స్వయముగా మానరాదు. చెప్పుట మీ వంతు, నిర్ణయించుట వైద్యుని వంతు. ఆపరేషనునకు ముందు మత్తుమందు వైద్యుడు వచ్చి ప్రశ్నలు వేయునపుడు చాలమంది “ఏమియు లేదయ్యా” అని తలయూచుదురు. ఆ ప్రశ్నలు లాంఛనము కావు. నిద్రపోయిన తరువాత నోరు విప్పలేము. మనము మాటలాడవలసిన సమయము అదియే.

ఆపద జరిగినచో అడుగవలసినవి మరికొన్ని కలవు. ఆపద జరిగిన ఒకటి రెండు గంటలలోపల రక్తము తీసి ట్రిప్టేజు అను ద్రవ్యమును కొలిచి, మరునాడు మరల కొలిచినచో, అది మాస్టు కణముల పనియా కాదా యని తెలిసికొనుటకు ఆధారము దొరకును. నాలుగు మొదలు ఆరు వారముల తరువాత చర్మపరీక్షలు చేయగల చోటికి పోయి, ఇచ్చిన మందులలో ఏది కారకమో తేల్చుకొనవలెను. ఇందులకు మత్తుమందు వైద్యుడు గంట నిమిషములతో వ్రాసిన పట్టిక అత్యవసరము. 2002వ సంవత్సరపు భారత వైద్యమండలి నియమావళి ప్రకారము, రోగిగాని అతని తరపువారు గాని కోరినచో డెబ్బదిరెండు గంటలలోపల వైద్యపత్రములను ఇయ్యవలెను. వైద్యులు వానిని మూడు సంవత్సరములు భద్రపరుపవలెను. మూడేండ్లు గడచిన తరువాత ఆ కాగితము ఎచ్చటను ఉండకపోవచ్చును. కనుక అడుగవలసినది ఇంటికి వచ్చునపుడే.

అడుగుట యనగా కలహించుట కాదు. ఇట్టి ఆపద కలిగినపుడు వైద్యుడు తప్పుచేసెనని ఆసుపత్రి తలుపులు విరుగగొట్టువారు కలరు. విధివ్రాతయని మౌనముగా తిరిగిపోవువారు కలరు. ఇరువురును కాగితము లేకయే పోవుచున్నారు. మొదటివారి కోపమువలన వైద్యుడు వ్రాయుటకు జంకును. రెండవవారి మౌనమువలన వ్రాయవలసిన పని లేదనుకొనును. “అయ్యా, మీరు ప్రాణము నిలిపితిరి, ఏ మందు పడలేదో రెండు మాటలు వ్రాసి యిండు” అని నెమ్మదిగా, గట్టిగా అడుగువాడే తన ప్రాణమును తాను కాపాడుకొనును.

ఇచ్చట గ్రంథాలయము చేయదగిన పని కలదని నా మనవి. మన చందాదారులలో ప్రతి కుటుంబమును ఒక చిన్న నోటుపుస్తకమును పెట్టుకొనవలెను. అందు ఇంటిలోని ప్రతివారికి ఒక పుట. జరిగిన ఆపరేషనులు, వాడుచున్న మందులు, పడని మందు, ఆ ఐదు ప్రశ్నలకు సమాధానములు అందులో నుండవలెను. వ్రాయలేని పెద్దలకు మన గ్రంథాలయమునకు వచ్చు విద్యార్థులు ఆదివారము నాడు కూర్చుండి వ్రాసిపెట్టవచ్చును. మందు పేరు ఆసుపత్రి చీటీలో నున్నట్లే, అక్షరము తప్పకుండ ఎత్తివ్రాయవలెను, ఊహించి వ్రాయరాదు. ఇతరుల ఆరోగ్యవిషయము గుట్టుగా నుంచవలసినది గనుక ఆ పుస్తకము వారి ఇంటనే యుండవలెను. ఆసుపత్రికి పోవునపుడు రేషను కార్డుతోపాటు దానిని కూడ సంచిలో పెట్టుకొనవలెను. దీనికి నిధులు అక్కరలేదు, భవనము అక్కరలేదు. కలమును, కొంచెము శ్రద్ధయు చాలును.

హైదరాబాదు కమిషను ఏమి కనుగొన్నను, పరీక్షలన్నిటిని వివరముగా వ్రాసి అచ్చువేయించినది. ఆ వ్రాత నిలిచియున్నందుననే తరువాతి వారు దానిలోని మేలును గ్రహించి, కొరతను దిద్దగలిగిరి. మన ఇంటి నోటుపుస్తకము చేయు పనియు అట్టిదే. నిద్రించువాని తరపున అది మాటలాడును.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును కూడ జరుపుకొనుగాకయని, అందులకు వచ్చు చందాదారులలో ఒక్కరైనను ఈ చిన్న పుస్తకమువలన క్షేమముగా మేలుకొన్నవారై యుండుగాకయని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.